ఖాళీ ప్రశ్నకు మొదటి జవాబు

ఎనిమిది అక్షరాల పేరు దానిది,
అందులో ఒక్కటే అచ్చు.
పైకి చదవబోతే నోరు తిరగదు.
నల్లతెర మీద దాన్ని కొట్టి
పక్కన ఫైలు పేరు పెట్టి
ఎంటర్ నొక్కేముందు
కాసేపు చేతులు రుద్దుకున్నాను.
బడి గ్రంథాలయంలో హీటర్లు ఆరింటికే ఆపేస్తారు.

బయట బుదిషిన్ మీద మంచు.
రేపు పక్షుల పెళ్ళి.
పిల్లలు కిటికీ గట్టున పళ్ళాలు పెట్టి వెళ్ళారు,
తెల్లారేసరికి పెళ్ళివారు మిఠాయిలు వడ్డించి పోతారని.
ఆ పెళ్ళివారిని నేనే.
సంచీ బల్ల కింద ఉంది.

కొర్లా హంతుష్ పోయి పది నెలలు.
ఈ గ్రంథాలయం ప్రోగ్రాముకి
మా సోర్బు మాటలు నేర్పినవాడు ఆయన.
పగలంతా సైకిళ్ళు బాగుచేసేవాడు.
రాత్రయితే, గ్రీజు పోని వేళ్ళతోనే,
అరువుకీ గడువుకీ జరిమానాకీ
మా అమ్మమ్మలు ఏమనేవారో వెతికేవాడు.
రాసుకున్నదంతా లాప్‌టాప్‌తో పాటే పోయింది.
ఆయన కూతురు వోర్షా దాన్ని పాత ఇనుముకు వేసేసింది.
తెలియక చేసింది. ఏమంటాం?

మిగిలింది ఇదొక్కటే:
యంత్రం గుటుక్కున మింగేందుకు
దంచి, జల్లించి, మెత్తగా విసిరిన ఫైలు.
మామూలుగా తెరిస్తే
చదరాలు, తలకిందుల గుర్తులు,
ఎక్కడో ఒక మాట తోక.

పిండిని తిరిగి గింజలు చేయగలమా?

ఎంటర్.

ముందుగా వచ్చింది ఖాళీ.
రెండు కొటేషన్ గుర్తులు, నడుమ ఏమీ లేదు.
ఏమీ అడగని ఆ ప్రశ్నకి
ఫైలు చెప్పిన జవాబు:
చివరగా అనువదించినవారు, కొర్లా హంతుష్.
తేదీ. వేళ, రాత్రి రెండూ పదకొండు.
నాకు ఆయన దగ్గు వినిపించింది.

ఆ తర్వాత ఆగలేదు.
ప్రతి ఇంగ్లీషు వాక్యం కిందా మా వాక్యం
ఒళ్ళు విరుచుకుంటూ లేచి కూర్చుంది.
పుస్తకం అన్న మాట దగ్గర తెరను ఆపాను.
ఒకటైతే క్నిహా,
రెండైతే క్నిజె,
మూడూ నాలుగూ క్నిహి,
ఐదు దాటాక క్నిహొవ్.
సంస్కృతంలోలాగే మాకూ ద్వివచనం ఉంది.
ఇద్దరు మనుషులు, రెండు కళ్ళు, రెండు పుస్తకాలు:
అది గుంపు కాదు, జంట.
మా కుర్రాళ్ళు ఇప్పుడు ఆ రూపం దాటేస్తున్నారు,
జర్మన్‌కి రెండు చాలుగా అని.
కొర్లా ఒక్క చోట కూడా దాటలేదు.
రెండు పుస్తకాలు తెచ్చినవాడికి
రెండు పుస్తకాల గడువే చెప్పాడు.

గింజలైతే వచ్చాయి.
పొట్టు రాలేదు.

ప్రతి మాట నెత్తినా
ఆయన చిన్న చిన్న వ్యాఖ్యలు రాసుకునేవాడు:
ఇది రాల్బిత్సీలో మా పెద్దత్త అనేది,
ఇది పంతుళ్ళకి నచ్చదు, నాకు నచ్చుతుంది,
ఇది లేయ్‌నాని అడగాలి.
యంత్రానికి అవి అక్కర్లేదు.
దంపుడులోనే ఎగిరిపోయాయి.

సందేహం గుర్తు పెట్టినవీ అంతే,
వాటిని యంత్రం అసలు ముట్టుకోదు.
లెక్క చూశాను. ముప్పైయేడు తక్కువ.
కొర్లాకి నమ్మకం కుదరని ముప్పైయేడు వాక్యాలు.
వాటిలో ఒకటి నాకు తెలుసు.
మార్చిలో ఫోన్ చేశాడు,
వెతికినది దొరకలేదు అని చెప్పాలి లేయ్‌నా,
కానీ పిల్లాడు చిన్నబుచ్చుకోకూడదు, ఎలా అంటాం?
వంట మీద ఉన్నాను.
రేపు చెప్తానన్నాను.

పళ్ళాల్లో మిఠాయిలు వేసి వచ్చాను.
ఒక పళ్ళెం పగిలి ఉంది, దానికి ఒకటి ఎక్కువ.
మళ్ళీ కుర్చీలో కూర్చుని,
చివరగా అనువదించినవారి పేరు అలాగే ఉంచి,
ఆ ఒక్క వాక్యం కింద ఖాళీ వదిలి,
దాని నెత్తిన ఒక వ్యాఖ్య రాశాను.
యంత్రం ఎలాగూ పారేస్తుంది.

లేయ్‌నాని అడిగాం. ఇంకా ఆలోచిస్తోంది.